మొగదిషులో తలుపు తట్టిన మనిషి

ఆ శుక్రవారం నేను ప్రార్థన కూటంలో నిలబడి అబద్ధం చెప్పాను. మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుడి పేరు మీద చెప్పాను. అంతా అబద్ధం కాదు. నిజంలో కలిపి చెప్పాను కాబట్టే అందరూ నమ్మారు.

దోహాలో వారపు సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగువాళ్ళ ఆరాధన ఆ రోజే జరుగుతుంది. పాటలయ్యాక, వాక్యానికి ముందు, సాక్ష్యాలకు కాస్త సమయమిస్తారు. జబ్బు నయమైనవాళ్ళు, ఉద్యోగం నిలబడినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ లేవలేదు. చెప్పడానికి ఏముంది? ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక పాత బిల్డింగ్ పై అంతస్తులో గది. నా భార్య మస్కట్‌లో నర్సు. ఆమె డ్యూటీ దిగేసరికి నేను డ్యూటీ ఎక్కుతాను. ఇద్దరం మేలుకుని ఉండే కాసేపట్లో ఏం కూర, ఒంట్లో ఎలా ఉంది అని ఒకరినొకరు అడుగుతాం. ఒకే మాటలు కావడంతో ఒక్కోసారి జవాబు వినకుండానే ఫోన్ పెట్టేస్తాం. ఆరాధన అయ్యాక ఇచ్చే బిర్యానీ పొట్లం గోడ పక్కన కూర్చుని తిని, బస్సెక్కి వచ్చేస్తాను.

ఆ వారం మాత్రం నేను మొగదిషు నుంచి తిరిగొచ్చాను. అది సోమాలియా రాజధాని, ఆఫ్రికా తూర్పు తీరాన ఎంతో పాత రేవు. చేపలు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు బిగించడానికి మా కంపెనీ పంపింది. పాస్టర్ గారు నన్ను చూసి, "అన్నగారు యుద్ధం జరిగిన చోటికి వెళ్ళి క్షేమంగా వచ్చారు. ముందుకు రండన్నా, రెండు మాటలు చెప్పండి" అన్నారు.

మొదట నిజమే చెప్పాను. గుండు దూరని బండిలో తీసుకెళ్ళారని, ఒంటికి బరువైన జాకెట్ తొడిగారని, గెస్ట్‌హౌస్ చుట్టూ మట్టి నింపిన అడ్డుగోడలున్నాయనీ, గేటు దగ్గర తుపాకులున్నాయనీ చెప్పాను. ముందు వరుసలో ఒకావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అంతమంది నా నోటివైపే చూస్తూ కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. అక్కడ ఆపి దిగిపోవాల్సింది.

"వెళ్ళిన రోజే మా పక్కన బాంబు పేలింది" అన్నాను. "నేల మీద పడి యేసయ్యా అని అరిచాను. ఆ సాయంత్రం ఎవడో వచ్చి నా తలుపు కొట్టాడు. ఎవడో తెలీదు, ఎందుకొచ్చాడో తెలీదు. కొడుతూనే ఉన్నాడు. నేను మోకాళ్ళ మీద ఉన్నాను. ప్రభువే ఆ తలుపుకి అడ్డం నిలబడ్డాడు."

"స్తోత్రం" అన్నారంతా.

ఆ రోజు బిర్యానీ ఒంటరిగా తినలేదు. చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన, "ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నారు, ఇంటికి పిలవలేదండి మేము. వచ్చే వారం మా ఇంట్లోనే మీ భోజనం" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అది అబద్ధం కాదు.

అప్పుడొచ్చింది ఒక అమ్మాయి, చంకలో పాపతో. ఆమె భర్త మా కంపెనీలోనే ఎలక్ట్రీషియన్, బందరు కుర్రాడు. మొగదిషుకి తర్వాత వెళ్ళాల్సింది అతనే. ఆ పని చేసొస్తే సూపర్‌వైజర్‌ని చేస్తామన్నారు. ఆ జీతం వస్తేనే భార్యకీ పాపకీ ఫ్యామిలీ వీసా దొరుకుతుంది. లేకపోతే విజిట్ వీసా అయిపోగానే వాళ్ళు వెళ్ళిపోవాలి.

"వందనాలండి అన్నయ్యా" అంది. "మీ చేత దేవుడే చెప్పించాడు. మా ఆయన్ని నేను పంపను. ఆదివారం ఆఫీసులో వెళ్ళనని చెప్పేస్తారు. నేనూ పాపా ఊరెళ్ళిపోతాం. మనిషి మిగిలితే చాలండి."

అతను వెనక నిలబడి పాప సాక్సు సరిచేస్తున్నాడు. నా వైపు చూడలేదు.

నిజం అప్పుడే చెప్పాల్సింది. చుట్టూ జనం ఉన్నారు. "దేవుడు చూసుకుంటాడమ్మా" అన్నాను.

గదికొచ్చి మంచం మీద కూర్చున్నాను. ఎదుటి గోడకు నా భార్య ఫోటో. ఆ కుర్రాడికీ రేపు ఇలాంటి గోడా, ఇలాంటి ఫోటో. దానికి కారణం నేను.

జరిగింది ఇది. ఆ పేలుడు గెస్ట్‌హౌస్ జనరేటర్‌ది. పొగగొట్టం ఒక్కసారి ఢామ్మంది. నేను బల్ల కింద దూరాను. అక్కడ నాకు తోడుగా పెట్టిన సోమాలీ ఇంజనీరు హైదరాబాద్‌లో చదువుకున్నవాడు. హాస్టల్ వంటమనిషి దగ్గర నేర్చిన తెలుగు ఇంకా మర్చిపోలేదు. వంగి నాకు చెయ్యిచ్చాడు. "లే అన్నా. జనరేటర్ అది. బాంబైతే నేను నీకంటే ముందే బల్ల కింద ఉంటుంటి" అన్నాడు.

చీకటిపడే వేళ తలుపు తట్టింది కూడా అతనే. "అన్నా, చాయ్" అని పిలిచాడు. గొంతు గుర్తుపట్టాను. అయినా లేవలేదు. ఆ ఊళ్ళో ఎవరినీ నమ్మకూడదని ఎవరో చెప్పిన మాటే చెవిలో ఉంది. కాసేపు తట్టి వెళ్ళిపోయాడు. పొద్దున తలుపు తీస్తే గడప దగ్గర కప్పు, మీద సాసర్ మూత. చాయ్‌లో చీమలు తేలుతున్నాయి. అతను దాని ఊసే ఎత్తలేదు.

మర్నాడు సెక్యూరిటీ వాళ్ళను ఒప్పించి నన్ను పాతఊరు చూపించడానికి తీసుకెళ్ళాడు. ముందో బండి, వెనకో బండి. సముద్రపు రాతితో కట్టిన తెల్లటి ఇళ్ళు, సగం కూలిన పాత దీపస్తంభం. దాని రాళ్ళ మీంచి పిల్లలు కేకలు పెడుతూ నీళ్ళలోకి దూకుతున్నారు. మనిషంత చేపను నెత్తిన పెట్టుకుని ఒకతను మా ముందు నుంచి నడిచిపోయాడు. ఒక వీధి మలుపులో మూసేసిన హోటల్ చూపించి, "మా అన్న ఈడనే పోయిండు. బాంబు పెట్టిన్రు" అన్నాడు.

ఇవేవీ నేను సాక్ష్యంలో చెప్పలేదు. నిజమైన బాంబు అతనిది. దాన్ని నాదిగా చేసుకున్నాను. చాయ్ తెచ్చిన మనిషిని శత్రువుని చేశాను.

ఆ శుక్రవారం సాయంత్రమే టాక్సీ పట్టుకుని, వాళ్ళుండే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటకు వెళ్ళాను. గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన విల్లాలో చివరి గది వాళ్ళది. సూట్‌కేసు అప్పటికే మంచం మీద తెరిచి ఉంది, పాప బట్టలు మడతపెట్టి. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాంబు లేదమ్మా. జనరేటర్."

ఆమె చేతిలోని పాప గౌను సూట్‌కేసులో పెట్టింది. "మరి తలుపు కొట్టినవాడు?"

"చాయ్ తెచ్చాడు."

"చాయ్" అంది. గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. "పొద్దున చెప్పింది నమ్మాను. ఇప్పుడు చెప్పేది ఎందుకు నమ్మాలండి?"

ఫోన్ తీసి ఆ సోమాలీ ఇంజనీరుకి వీడియో కాల్ చేశాను. బనీనుతో మిద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

"అన్నయ్యా, మీ ఊళ్ళో భయం లేదా?"

"ఉంది చెల్లె. నా సొంత అన్న పోయిండు, నీకు అబద్ధం ఎట్ల చెప్త? మీ ఆయనని నేనే ఎయిర్‌పోర్ట్ నుంచి తెస్త, నేనే మళ్ళ దింపుత. నా కండ్ల ముంగట ఉంటడు. అంతకు మించి నా చేతుల లేదు."

ఆమె ఫోన్ నాకిచ్చింది. నేను చేసింది అతనికీ చెప్పాను. గడ్డం రుద్దుకుంటూ విన్నాడు.

"మీ చర్చిల చెప్పినవా? మైకుల?"

"చెప్పాను."

"ఇలాచీ వేసిన చాయ్ అన్నా అది. దొంగను చేసినవు, సరే. చాయ్ అనన్నా చెప్పకపోతివి." నవ్వాడు. నవ్వు తొందరగా ఆగిపోయింది. "మా ఊరి గురించి అందరు గట్లనే చెప్తరు. నువ్వు చెప్పవనుకున్న" అని పెట్టేశాడు.

ఆ కుర్రాడు అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "మీరు కూడా వస్తారా అన్నయ్యా?"

మళ్ళీ ఆ ఊరు వెళ్ళకూడదని విమానంలోనే అనుకున్నాను. "వస్తాను" అన్నాను.

ఆ అమ్మాయి పాప బట్టలు బయటికి తీసి సూట్‌కేసు మూత వేసింది. "మా గదిలో చెబితే సరిపోదండి. అక్కడ అందరి ముందూ నిలబడి చెప్పారు కదా."

మరుసటి శుక్రవారం పిలవకుండానే లేచాను. కళ్ళు మూసుకోలేదు. బాంబు పేలలేదని, తలుపు తట్టింది నాకు తోడున్న మనిషేనని, పిలుపు విని కూడా తీయలేదని చెప్పాను. అతని అన్న సంగతీ చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టర్ గారు పాట అందుకున్నారు. అమలాపురం ఆయన భోజనం మాట ఎత్తలేదు. బిర్యానీ పొట్లం పట్టుకుని మళ్ళీ గోడ పక్కన కూర్చున్నాను.

నెల తిరక్కముందే ఆ కుర్రాడూ నేనూ మొగదిషులో దిగాం. సోమాలీ ఇంజనీరు అన్నట్టే ఎయిర్‌పోర్ట్‌కి వచ్చాడు. కుర్రాణ్ణి కౌగిలించుకున్నాడు. నాకు చెయ్యి మాత్రం ఇచ్చాడు.

చీకటిపడే వేళ గెస్ట్‌హౌస్ వంటగదిలోకి వెళ్ళి, ఏలకులు ఎక్కడున్నాయో అడిగి చాయ్ కాచాను. రెండు కప్పులు పట్టుకుని ఆవరణ దాటి అతని గది దగ్గరకెళ్ళాను. లోపల లైటుంది. చేతులు ఖాళీ లేక మోచేత్తో తలుపు తట్టి, "అన్నా, చాయ్" అని పిలిచి, అక్కడే నిలబడ్డాను.