దొర మెట్లు దిగిన రోజు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. హనుమకొండలో అందరూ భయపడే హాస్టల్ గదిలో ఒక్కదాన్నే పడుకుని చదువుకున్నదాన్ని. ఇప్పుడూ నమ్మకం ఉందని చెప్పను. కానీ కెనడాలోని ఎడ్మంటన్‌లో నా కళ్లతో చూసింది ఒకటుంది.

మనవాళ్లు గుంపులు గుంపులుగా చదువుకోవడానికి దిగుతున్న రోజులవి. గది దొరకడమే గగనం. నాకూ, నెల్లూరు అమ్మాయి సృజనకూ రమణ అంకుల్ వాళ్ల బేస్‌మెంట్‌లో చెరో గది దొరికింది. వాషింగ్ మెషీన్ కిందే, మా గదుల బయట ఉండేది. వంట మాత్రం పైన వాళ్ల కిచెన్‌లోనే.

ఆ ఇంట్లో దొర ఉండేవాడు. తెల్లటి కుక్క, దూడంత. దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకున్నారు. నడకలో దర్జా చూసి ఆంటీ ఆ పేరు పెట్టారు. దర్జా ఎంతున్నా మెట్లంటే వాడికి ప్రాణభయం. పెరట్లోకి వెళ్లడానికి అంకుల్ చెక్కతో ఏటవాలుగా దారి వేయించారు. బేస్‌మెంట్ మెట్ల దగ్గరికొస్తే ముందు కాళ్లు వణికేవి. మేం మెట్టుకో చికెన్ ముక్క పెట్టి చూశాం. అందినంత వరకు మెడ చాచి తిని, మిగతా ముక్కల కోసం అక్కడే కూర్చుని మూలిగాడు.

నేను కింద చదువుకుంటుంటే పైమెట్టు దగ్గర పడుకుని చూస్తుండేవాడు. చూపు నా మీద ఉండేది కాదు, నా వెనక ఎక్కడో ఉండేది. నాకు పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. లేచి తలుపేసుకునేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం అంకుల్, ఆంటీ ఆఫీసుల్లో ఉన్నారు. సృజన నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి కింద నిద్రపోతోంది. నేను క్లాస్ అయిపోయి వచ్చి పప్పు తాలింపు వేస్తున్నా. పక్కనే పడుకున్న దొర లేచి మెట్ల వైపు నడిచాడు.

వాడి మెడ పట్టా జూలులో మునిగిపోయి ఎప్పుడూ కనిపించదు. అప్పుడది పైకి లేచి ఉంది. ఎవరో వేళ్లు దూర్చి పట్టుకున్నట్టు బిగిసి ఉంది. దొర ఒక మెట్టు దిగి ఆగాడు. మళ్లీ ఒకటి దిగాడు. కాళ్లు వణకడం లేదు.

స్టవ్ కట్టేసి వెనకే దిగాను.

వాడు సృజన గది ముందు నిలబడి ఒక్కసారి మొరిగాడు. తలుపు తోసి చూస్తే ఆమె ఒళ్లంతా చెమటలు. ఎంత కుదిపినా కళ్లు తెరవలేదు. సృజనకి చిన్నప్పటి నుంచి షుగర్. ఇన్సులిన్ వేసుకుని, అన్నం తినకుండానే నిద్రలోకి జారిపోయిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. నేను వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు ఆమెని పక్కకి తిప్పి పడుకోబెట్టాను.

అంబులెన్స్ వాళ్లు త్వరగానే వచ్చారు. ఇంజెక్షన్ ఇచ్చాక సృజన కళ్లు తెరిచింది. ఆమెతో నేనూ ఎక్కాను. దారిలో అంబులెన్స్ ఆవిడ నాతో మామూలుగా అంది, "మీ తాతగారికి థాంక్స్ చెప్పు. అంత పెద్ద కుక్కని కదలకుండా పట్టుకున్నారు."

"ఏ తాతగారు?" అన్నాను.

"వాషింగ్ మెషీన్ పక్కన నిలబడ్డారు కదా, బ్రౌన్ స్వెటర్‌లో."

ఇంట్లో ముగ్గురమే ఉన్నాం, నేనూ సృజనా కుక్కా.

సాయంత్రం అంకుల్ ఫోన్ చేశారు. "దొర కిందికి ఎట్లొచ్చిండమ్మా? వాషింగ్ మెషీన్ పక్కన ముడుచుకొని వణుకుతుండు, ఎక్కమంటే ఎక్కుతలేడు." చివరికి పక్కింటాయన సాయంతో దుప్పట్లో వేసి పైకి మోశారట.

తర్వాత నేను అన్నీ చెబితే అంకుల్ నవ్వలేదు. షెల్టర్‌కి ఫోన్ చేసి అడిగారు. దొర హైవే పక్కన దొరికాడని, ముందు ఎవరి దగ్గర ఉండేవాడో తెలియదని వాళ్లు చెప్పారు. ఇల్లు అంకుల్ వాళ్లే కొత్తగా కట్టించుకున్నది. అందులో ఎవరూ చనిపోలేదు.

కంగారులో నా కళ్లు మోసపోయాయని అనుకోవచ్చు. మరి అంబులెన్స్ ఆవిడ కంగారు పడలేదే? రోజూ చేసే పని చేసుకుంటూ ఒక మాట అందంతే.

సృజన బాగుంది, ఇప్పుడు కాల్గరీలో ఉద్యోగం. ఈ విషయం ఎత్తితే, "వద్దులేవే, బతికా కదా" అంటుంది. దొర మళ్లీ ఎప్పుడూ ఆ మెట్లు దిగలేదు.

నేను ఆ ఇంట్లో ఇంకో చలికాలం ఉన్నాను. బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడల్లా వాషింగ్ మెషీన్ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడేదాన్ని. ఎవరి కోసమో నాకిప్పటికీ తెలియదు.