నల్ల బూట్లు

జగదల్‌పూర్‌లో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే హేమలత, క్లాసులోకి రాగానే ముఖాలు కాదు, కాళ్లు చూస్తుంది. తోటి లెక్చరర్ పాఠంలో అన్న మాట వారం తిరక్కుండా ఠాణాకు చేరినప్పటి నుంచీ ఇదే అలవాటు. ఎర్రమట్టి అంటిన చెప్పులైతే ధైర్యంగా గొంతు సవరించుకుంటుంది. ఈరోజు అటవీ హక్కుల పాఠం. చివరి బెంచీ కింద పోలీసుల నల్ల బూట్లు కనిపించాయి. ఆమె గబగబా ఆ పాఠం పేజీలు తిప్పేసింది.

బూట్లవాడు లేచాడు. హిందీలో పాఠం చెప్పే ఆమెది తెలుగని ఎవరు చెప్పారో, తెలుగులోనే అన్నాడు: "మేడం, మాది పామేడు. మా అడవి సంగతి ఆ పాఠంలనే ఉన్నదంట. గది వినేటందుకే వచ్చిన."

"ఆ బూట్లెక్కడివి?"

"పోలీసు క్యాంపోళ్లు ఊరందరికీ పంచిన్రు, మేడం."

నిజమే కావచ్చు. అలా చెప్పమనే పంపారేమో.

"ఆ పాఠం సిలబస్‌లో లేదు, కూర్చో," అంది హేమలత.

అప్పటికే ఆ పాఠం తెరిచి పెట్టుకున్న పిల్లలు పుస్తకాలు మూసి, ఒకరి కాళ్ల వంక ఒకరు చూసుకున్నారు.