నోట్లకు ఇస్త్రీ

వీధిలో అందరూ ఆమెను పెట్టెమ్మ అనేవారు. ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చేతిని తప్ప మిగతా మనిషిని ఎవరూ అంతగా చూసి ఉండరు. ఆమె మాత్రం అందర్నీ చూసేది, వాళ్ళ జేబుల్లోంచి. కొట్టుకు వచ్చిన ప్రతి జేబునూ తిరగేసి దులపడం ఆమె పని. తాళంచెవులు, చిరిగిన టిక్కెట్లు, మందుబిళ్ళలు, ఒక్కోసారి నానిపోయిన నోట్లు. నోటు దొరికితే తడిగుడ్డ మడతలో పరిచి, మీద పెట్టె ఆనించి, ఆవిరి ఆగేదాకా ఎత్తకుండా నిలబడేది. తీసి చూస్తే అప్పుడే అచ్చయినట్టు ఫెళఫెళలాడేది. దాన్ని చొక్కా జేబులోనే పెట్టి పంపించేది. "పెట్టెమ్మ కొట్లో డబ్బుక్కూడా ఇస్త్రీ చేస్తారు" అని ఆ వీధి గొప్పగా చెప్పుకునేది.

సెలవులకు పరాయి దేశం వెళ్ళొచ్చినవాళ్ళ జేబుల్లో ఇసుక వచ్చేది. గవ్వల పొడి కలిసిన సన్నటి లేత ఇసుక. పారబోయడానికి చేతులు రాక, కిటికీ గూట్లో ఒక డబ్బా మూతలో పోసేది. ముప్పై ఏళ్ళు వేడి ముందు నిలబడిన మనిషి దగ్గరికి సముద్రం అలా చిటికెడు చిటికెడుగా వచ్చింది. మూత నిండిన రోజున మొగుడితో అంది, "ఏమండీ, ఇది ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కసారి చూసొద్దాం."

మొగుడు నవ్వాడు. నవ్వుతూనే చీటీ కట్టడం మొదలుపెట్టాడు. అందులో మూడో వంతు అతని అక్కది. ఆమె, అంటే పెట్టెమ్మ వదిన, పెద్దాసుపత్రిలో ఆయా. తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. తమ్ముడి భార్యను ఒక మాట అననిదే ఆమెకు పొద్దు పోదు. "నేను లేకుండా మీరిద్దరే వెళ్తే ఆ నీళ్ళలో ఒకళ్ళనొకళ్ళు పారేసుకుంటారు" అని తనంతట తానే బయల్దేరింది.

చీటీ డబ్బు చేతికొచ్చింది. ముగ్గురూ పరాయి దేశంలో, ఒక సముద్రం ఒడ్డున దిగారు.

డబ్బు మార్చే చోటు ఒక అద్దాల గది. గోడమీది పలకలో ప్రతి దేశానికీ రెండేసి అంకెలు.

"ఇదేంట్రా, ఒక్క డబ్బుకి రెండు ధరలు?" అంది వదిన.

"ఒకటి వాళ్ళు కొనే ధర, ఇంకోటి వాళ్ళు అమ్మే ధర అక్కా. మన వంతుకొచ్చేది ఎప్పుడూ తక్కువదే."

"అందుకేనా అద్దం వెనకాల కూచున్నాడు? బయటుంటే తంతారని."

ఎంత మార్చినా తాను పట్టుకునే కోత ఒక్కటేనని లోపలి మనిషి సైగలతో చెప్పాడు. "రోజూ వచ్చి రోజూ కోయించుకోవడం దేనికి? ఉన్నదంతా ఒక్క దెబ్బకి మార్చెయ్" అని వదిన తీర్మానించింది. మార్చేశారు. తిండిది, పడవ షికారుది, మూడో రోజు పొద్దున కట్టాల్సిన గది అద్దెది, అంతా. బ్యాంకు కార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. దేశం కాని దేశంలో ఎక్కడ పోతుందోనని మొగుడే దాచి వచ్చాడు.

కొత్త నోట్లు నున్నగా, రంగురంగులుగా ఉన్నాయి. ఒక్కోదానిలో చిన్న కిటికీలాంటి చోటు ఉంది. అందులోంచి చూస్తే అవతలి వేలు కనబడుతుంది.

"నోటుకి కిటికీ కూడానా! ఉక్కపోస్తుందేమో పాపం" అంది వదిన.

"డబ్బు నేనుంచుతాను" అంది పెట్టెమ్మ.

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్లో గల్లా ఎప్పుడూ మొగుడిదే.

"ఇన్నేళ్ళలో ఎవరి గుడ్డయినా మాడ్చానా? ఎవరి నోటయినా పోగొట్టానా?"

ఆమె ఈ ప్రయాణం కోసమే కుట్టుకున్న గుడ్డసంచిలో నోట్లు పెట్టి నడుముకు కట్టుకుంది. ఆ రోజు ఆమె నడక మారింది.

మరునాడు పొద్దున సముద్రంలో దిగింది. మోకాళ్ళ దాకా అనుకుంది గానీ, అల అనుకోలేదు. అది వచ్చి ఆమెను ఉతికే గుడ్డలా ఎత్తి, తిప్పి, ఇసుక మీద పరిచి వెళ్ళింది. నోట్లో ఉప్పు, జుట్టులో ఆకాశం. పెట్టెమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మొగుడు పెళ్ళయిన కొత్తలో ఒకసారి విన్నాడు. వదిన మాత్రం పొడి ఇసుక దాటలేదు. చేతిసంచి గుండెలకు అదుముకుని, "చాలు రావే, చూసిన సముద్రం చాలు" అని అరుస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఇద్దరూ నిద్రపోయారు. పెట్టెమ్మ నడుము సంచి విప్పింది. నోట్లు తడిగా, ఉప్పు పట్టి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గది అల్మారాలో ఒక ఇస్త్రీ పెట్టె కనిపించింది. బొమ్మంత తేలిక. ఆమెకు నవ్వొచ్చింది. దేశం కాని దేశంలో తెలిసిన ముఖం కనపడ్డట్టయింది. తువ్వాలు తడిపి పిండి, బల్ల మీద వేసి, మడతలో నోట్లన్నీ వరసగా పరిచింది. వేడి పూర్తిగా పెంచి, పెట్టె ఆనించి, ఆవిరి ఆగేదాకా ఎత్తకుండా నిలబడింది.

ఆవిరితోపాటు ఒక వాసన వచ్చింది.

ఆ వాసన ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తన కొట్లో రానివ్వని వాసన అది. నైలాను గుడ్డ కాలితే వచ్చేది. కొత్త గుడ్డ ఏదొచ్చినా లోపలి అంచు మీద పెట్టె కొస తగిలించి చూడందే ముట్టుకునేది కాదు. కానీ డబ్బు గుడ్డ కాదుగా. డబ్బు కాగితం. ఎక్కడైనా కాగితమే!

తువ్వాలు తెరిచింది. అరచేతి పొడవు నోట్లు అగ్గిపెట్టెల మీది బొమ్మలంతయ్యాయి. అంచులు ముడుచుకుని, ఎండుటాకుల్లా లేచి నిలబడ్డాయి. నోటు మీద మీసాలతో దర్జాగా ఉన్న పెద్దమనిషి ఏడవబోయే పసివాడిలా ముడుచుకుపోయాడు. కిటికీలు మూసుకుపోయాయి. ఒకదాన్ని వేళ్ళతో సాగదీయబోయింది. పుటుక్కుమంది.

పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. బయట అల ఒకటి విరిగిన చప్పుడు, దాని తరవాత ఇంకొకటి. లోకం ఇంత మామూలుగా ఎలా నడుస్తోందో ఆమెకు అర్థం కాలేదు.

వాసనకు వదినే ముందు లేచింది. బల్ల మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఇవేంటే?"

"డబ్బు వదినా."

"ఏ డబ్బు?"

"మన డబ్బే. మొత్తం."

మొగుడు లేచి వచ్చి ఒక నోటును అరచేతిలో వేసుకున్నాడు. చచ్చిన తూనీగను చూసినట్టు చూశాడు. తిట్టలేదు. అతను తిడితే ఆమె ప్రాణం కాస్త కుదుటపడేది.

"రేపు పొద్దున్నే అద్దె కట్టాలి" అన్నాడు, గోడతో చెప్తున్నట్టు.

అద్దాల గది మనిషి ఒక్క నోటు పట్టుకుని, వెలుతురులో తిప్పి, అద్దం కిందనుంచి ముగ్గురి వైపూ తోసేశాడు. బ్యాంకుకు పొమ్మని చెయ్యి ఊపాడు. బ్యాంకులో పిల్ల మర్యాదస్తురాలు. నోట్లు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపైన తన ఫోనులో ఏదో చెప్పింది. ఫోను తెలుగులో పలికింది: "ఇవి ప్లాస్టిక్ నోట్లు, పరీక్షకు వెళ్ళాలి. డబ్బు కొన్ని నెలల తరువాత రావచ్చు."

"రావచ్చు అంటే వస్తుందనా, రాదనా?" అంది వదిన.

ఆ పిల్ల నోట్లన్నీ ఒక కవరులో వేసి, రసీదు రాసిచ్చింది.

బ్యాంకు బయట అరుగు మీద కూర్చున్నారు. పెట్టెమ్మ తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో అన్నట్టు చూసుకుంటోంది. "నా చెయ్యి ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ" అంది. అప్పుడొచ్చింది ఏడుపు.

"ఏడవకు. ముక్కు తుడుచుకో" అని వదిన చేతిసంచి బోర్లించి, లోపలి గుడ్డ కుట్టును పళ్ళతో తెంపింది. అడుగునుంచి ఒక పొట్లం తీసింది. అందులో సొంత దేశపు నోట్లు, దారంతో కట్టినవి.

మొగుడు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "అక్కా! ఉన్నదంతా మార్చమన్నది నువ్వే కదా!"

"చీటీ డబ్బు మార్చమన్నాన్రా. ఇది నా సొంతం. నా చావు డబ్బు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అలా చూస్తారేం? మా వార్డులో రోజూ చూస్తాను. దూరం నుంచి వచ్చినవాళ్ళు పోతే, ఇంటికి చేర్చే డబ్బు లేక వాళ్ళ మనుషులు వరండాలో పడుంటారు. నేనిక్కడ గుటుక్కుమంటే మీరిద్దరూ అలా పడుండకూడదు. అందుకని కుట్టి పెట్టుకున్నా."

"నువ్వొచ్చింది సముద్రం చూడ్డానికా, చావడానికా?" అన్నాడు తమ్ముడు.

"చూడ్డానికేరా. చూస్తూ చూస్తూ ఏమన్నా అయితే?"

పెట్టెమ్మ ఏడుపు ఆగిపోయింది. పొద్దున పొడి ఇసుకలో నిలబడి, సంచి అదుముకుని అరిచిన మనిషి గుర్తొచ్చింది. పిసినారితనం అనుకుంది. ఆ సంచిలో ఆమె తన శవాన్ని మోస్తూ తిరిగిందని తెలియక.

"వద్దు వదినా. అది ముట్టుకోవద్దు."

"నోర్ముయ్యవే. పద."

అద్దాల గది మనిషి వాళ్ళను చూసి ఉలిక్కిపడ్డాడు. "మళ్ళీ కోత! వీడి చెయ్యి పడ" అని శాపనార్థాలు పెడుతూనే వదిన పొట్లం ఇచ్చింది. వచ్చినవి అద్దెకు, తిండికి చాలుతాయి. పడవ షికారు లేదు.

నోట్లు లెక్కపెట్టుకుని మొగుడు జేబులో పెట్టుకోబోయాడు. వదిన అతని చేతిలోంచి లాక్కుని పెట్టెమ్మ ఒళ్ళో పడేసింది.

"దీని దగ్గరే ఉండనీ. ఇప్పుడు దీనికన్నా జాగ్రత్తగా ఎవడుంచుతాడు?"

పెట్టెమ్మ నోట్లు గుడ్డసంచిలో పెట్టి, ముడి వేసి, ముడి మీద ముడి వేసి మొగుడి చేతికిచ్చింది. "నీళ్ళ దగ్గరికి నేను వెళ్తున్నాను. మీరు ఒడ్డునే కూచోండి" అంది. వదిన వైపు తిరిగి, "రండి" అంది.

"నేనా? దేనికి?"

"చూస్తూ చూస్తూ ఏమన్నా అయితే నేనున్నాను."

వదిన చెప్పులు విప్పింది. ఖాళీ చేతిసంచి వాటి పక్కన పెట్టింది. పొద్దు వాలుతోంది. మొదటి అల పాదాల మీదికి రాగానే "అమ్మో" అని పెట్టెమ్మ కుడిచేతిని రెండు చేతులా పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోవే. ఇప్పుడు నేను చచ్చే వీల్లేదు."