జవాబు కోసం ఆగే మేనత్త

మా మేనత్తకు వంట వీడియోలు తీయడం నేర్పింది నేనే. కరీంనగర్‌లో ఆమె వంటింటి గూట్లో ఫోన్ నిలబెట్టేదాన్ని. ఆమె "తిన్నరా?" అని అడిగి, ఫోన్ వైపు చూస్తూ చాలాసేపు ఊరుకునేది. మొదటి వీడియోలో ఆ ఖాళీని కత్తిరించేశాను.

"వాళ్లు తిన్నరో లేదో చెప్పనే లే, నేను పప్పు కడుగుతున్న. గట్లయితే అడుగుడెందుకు?" అంది అత్త ఆ వీడియో చూసి.

అంతసేపు ఖాళీ ఉంటే చూసేవాళ్లు వెళ్లిపోతారన్నా వినలేదు. ఖాళీని మళ్లీ కలిపి పెట్టాను.

వారం రోజులకు దుబాయ్ నుంచి ఒక కుర్రాడి కామెంట్ వచ్చింది: "తినలే అత్తా. నాకు వండుడు రాదు."

అత్త దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. కొంగు నడుముకు దోపుకుని, "ఫోన్ పెట్టు," అంది. ఆ రోజు ఒక్క గిన్నెలో కిచిడీ వండడం చూపించింది. మధ్యలో గరిటె ఆపి ఫోన్ దగ్గరికి వంగింది.

"మంట జర తగ్గించు బిడ్డా, అడుగు మాడుతది."