పిండి పెట్టి మూసిన జాడీలు

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, మాదన్నపేటలో మా వెనకింటి చాచీ చెరుకురసం పులియబెట్టి సిర్కా, అంటే వెనిగర్, తయారుచేసేది. చార్మినార్ దగ్గర ఒక పచ్చళ్ల దుకాణానికి అది వెళ్లేది. చాచా పోయిన తరువాత ఆ ఇంటికి అదే ఆధారం.

వానాకాలం చివర ఒకనాడు దుకాణం సేట్ ఆమె కొత్తగా పంపిన సిర్కా జాడీలన్నీ బండిమీద వెనక్కి తెచ్చి, వాకిట్లో దించాడు.

"ఆపా, గిట్ల నీళ్లు కలిపి పంపితే నా పచ్చళ్లు బూజు పట్టయా?"

"పిల్లల మీద ఒట్టు సేట్, చుక్క నీళ్లు కలపలే!"

గోడ మీదుగా వింటున్న నేను ఊరుకోలేకపోయాను. అప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. ఉర్దూలోనే చెప్పేవారు, ఆమ్లాన్ని తుర్షా అనేవాళ్లం.

"లొల్లి ఎందుకు సేట్? పులుపెంతో కొలిచి చెప్త."

"గజంబద్దతో కొలుస్తవా?" అని నవ్వాడు సేట్.

"చుక్కలతో."

శుక్రవారం సెలవు. కాలేజీలో అడిగి బ్యూరెట్, పిపెట్, గాజు కుప్పె, బలం తెలిసిన కాస్టిక్ సోడా ద్రావణం, క్షారం తగిలితే గులాబీ రంగు తేలే మందు తెచ్చుకున్నాను. స్టాండు లేదు. చాచీ ఇచ్చిన నాడాతో బ్యూరెట్‌ను కిటికీ ఊచకు నిలువుగా కట్టాను. సేట్ కూడా వచ్చి కూర్చున్నాడు.

ముందుగా, సేట్ వంకపెట్టని పాత సరుకులో ఇంట్లో మిగిలిన జాడీలోంచి ఐదు సి.సి. సిర్కా కొలిచి కుప్పెలో పోశాను. రంగు మరీ ముదురుగా ఉండటంతో కాచి చల్లార్చిన నీళ్లు కలిపాను.

"యా అల్లా! నేను నీళ్లు కలిపిన్నని లొల్లి అయితుంటే, ఇప్పుడు నువ్వే కలుపుతవేంది బేటా?"

"కొలిచి తీసినంక ఎన్ని నీళ్లు పోసినా అండ్ల పులుపు అంతే చాచీ. చెంచెడు చక్కెర గిలాసల వేసినా, బిందెల వేసినా చెంచెడే కద."

సోడా చుక్కలుగా వదిలాను. గులాబీ రంగు మెరిసి, మాయమై, చివరికి ఒక చుక్కతో నిలిచింది. 8.2 సి.సి. పట్టింది. సోడా అర నార్మల్ కాబట్టి సిర్కా బలం 0.82 నార్మల్. మంచి సిర్కాయే.

కొత్త జాడీకి 3.5 పట్టింది. మళ్లీ చేసినా 3.5. సగం పులుపు కూడా లేదు.

"చూసిన్రా?" అని సేట్ లేచాడు. చాచీ దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. ఆమె మాట గెలిపిద్దామని వచ్చి, నా చేతులతోనే ఓడించానా అనిపించింది.

ఏదైనా తేడా వస్తే, రెండింటిలో ఏవి ఒకటి, ఏవి వేరు అని వరుసగా చూసుకోవడం నాకు అలవాటు. రసం అదే. గది అదే. జాడీలూ ఒక్క తీరువే. మూతలు వేరు. పాతదానికి పలచటి బట్ట కట్టి ఉంది. కొత్తవాటి మూత చుట్టూ ఎండిన గోధుమపిండి అంటుకుని ఉంది.

"ఈ పిండేంది చాచీ?"

"ఈగలు పడ్తున్నయని దమ్ము పెట్టిన, బిర్యానీకి పెట్టినట్టు."

సిర్కా పులవడానికి గాలి కావాలి. గాలి ఆడక రసం నడుమనే ఆగిపోయింది.

"నడుమ అంటే? ఇప్పుడది ఏంది మరి?" అన్నాడు సేట్.

రసం సిర్కా అయ్యే ముందు సారా అవుతుంది. ఇద్దరి ముఖాలూ చూసి, మతం ఒప్పని ఆ మాట అనలేక, "సిర్కా అయ్యే తొవ్వల ఉన్నది," అన్నాను. చాచీ జాడీ వాసన చూసి "తోబా, తోబా" అని చెంపలు వేసుకుంది.

"బట్ట కట్టి ఉంచుదాం సేట్. నీళ్లు కలిపిన సిర్కా అయితే పులుపు పెరగదు. నడుమ ఆగిందైతే పెరుగుతది."

"సరే, చూద్దాం. పెరగకపోతే మాత్రం ఆపా, నీ సిర్కా నాకొద్దు. ఎందుకొద్దో బజారంతా చెప్త."

తరువాతి శుక్రవారం 4.3 పట్టింది. ఆపై వారం ముసురు పట్టింది, మళ్లీ 4.3 దగ్గరే నిలిచింది. ఆ రోజు చాచీ చాయ్ గిలాస కిటికీలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎండ కాసిన వారం 5.6కు ఎక్కింది. "మళ్లీ చూడు బేటా," అంది. మళ్లీ చూశాను. 5.6 నిజమే.

చలి మొదలయ్యేసరికి సేట్ వచ్చాడు. నా మీద నమ్మకం లేక బ్యూరెట్ మర తానే తిప్పాడు. గులాబీ రంగు వస్తుంది, పోతుంది.

"ఇంకెంత తాగుతదయ్యా ఇది!"

"మెల్లగ సేట్, ఒక్కొక్క చుక్క."

8.0 దగ్గర రంగు నిలిచింది. కుప్పెను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. చాచీ చేతిలోంచి బట్ట తీసుకుని, జాడీ మూతికి తానే కట్టి, దారం కొంచెం వదులు చేశాడు.

"గాలి ఆడాలె కద ఆపా," అన్నాడు. "పొద్దుగాల బండి పంపుత."