చింతపండుతో తోమిన నత్తగుల్లలు

మొన్న ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నాం. తోటకూర పప్పులో ఇసుక తగిలింది. పంటి కింద కరకరమనగానే మా ఆయన శౌరయ్య ముద్ద పక్కన పెట్టి, "ఏందే ఇది, పప్పా, క్వారీ దుమ్మా?" అన్నాడు. కోడలు ముఖం చిన్నబుచ్చుకుంది, నాలుగు నీళ్ళలో కడిగానత్తయ్యా అని. నేను మాత్రం ఆ పలుకును ఉమ్మకుండా, మింగకుండా ముందు పళ్ళ మధ్యకు తెచ్చుకుని మెల్లగా నూరి చూశాను. కరకరమంటే ఇసుక. సన్నగా గీసినట్టుంటే ఒండ్రు. చప్పుడే లేకుండా వెన్నలా జారిపోతే బంకమట్టి. "వాగు ఇసుక," అన్నాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. మట్టిని పళ్ళతో చదవడం నాకు నేర్పిన సుభద్రక్క పోయిన ఏడు కన్నుమూసింది. ఆవిడ దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఫోన్ చేసి చెబితే తెలిసింది. ఆ మనిషి ఎట్లాంటిదో మా ఇంట్లో కూడా సగం మందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

మాది రెంటచింతల. ఎండాకాలంలో టీవీ వాళ్ళు తలుచుకునే ఊరు, తక్కిన కాలాల్లో ఎవరికీ గుర్తుండని ఊరు. నేను చదివింది ఐదో తరగతి. శౌరయ్య అప్పట్లో నాపరాళ్ళ క్వారీలో ట్రాక్టరు తోలేవాడు. ఒకరోజు యాభై ఏళ్ళ ఆడమనిషి, భుజాన సంచీ, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు, మా గుమ్మంలో నిలబడి, పాతకాలపు వానల మీద పరిశోధన చేస్తున్నాను, మీ వాగు గట్టు తవ్వుకోవాలి, నెలరోజులు ఉండటానికి ఒక గది ఇస్తారా అని అడిగింది. కురిసి పోయిన వానల్ని ఇప్పుడు వెతకడమేందో నాకు అర్థం కాలేదు. కానీ మా ముందుగది ఖాళీగా ఉంది, ఆవిడ గొంతు నెమ్మదిగా ఉంది. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే వాగుకి దారి చూపించడానికి వెంట వెళ్ళాను. ఆవిడ గట్టు మీద కాస్త మట్టి గిల్లి నోట్లో వేసుకుంది. "అయ్యో మేడం గారూ! ఆకలైతే చెప్పొద్దా? కడుపుతో ఉన్నోళ్ళు తింటారు గానీ మట్టి, ఈ వయసులో మీకేంది?" అన్నాను. ఆవిడ నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది. తర్వాత నా అరచేతిలో కూడా కాస్త పెట్టి, "మింగకు, పళ్ళతో అడుగు, అదే చెబుతుంది," అంది. అడిగాను. వెన్నలా జారిపోయింది. "చప్పుడు లేదు," అన్నాను. "ఇది నిలవ నీళ్ళ అడుగున మెల్లగా దిగిన మట్టి. పారే నీళ్ళు ఇట్లాంటిది మిగల్చవు," అంది. ఆ రోజు నుంచి మేడం పోయి అక్క వచ్చింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే శౌరయ్య, "రాళ్ళు మోసే మొగుడు చాలడని మట్టి తినే అక్క దొరికింది నీకు," అన్నాడు.

అక్క గట్టుని గోడలాగా నున్నగా చెక్కింది. అప్పుడు చూశాను. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి బట్టలు ఉతుక్కున్న గట్టే, లోపల ఏడు రంగులు దాచుకుని ఉంది. పైన ఎర్రమట్టి, దాని కింద గులకరాళ్ళు, ఆ కింద పసుపు, బూడిద రంగులు, అట్లా దిగి దిగి, అడుగు నుంచి రెండోది నల్ల పొర. ఆ నల్ల పొరలో నత్తగుల్లలు, గుప్పెళ్ళకొద్దీ. ఒక్కో పొరకీ ఒక్కో గుడ్డసంచి, సంచిలో చీటీ. ఒక గుల్లని నేను వేలి మీద తిప్పి చూసి, "ఇది వానకి గోడలెక్కే నత్త కాదక్కా, కాలవల్లో గడ్డి పట్టుకుని ఉండే నత్త," అన్నాను. "చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడిగింది. "మా అమ్మగారి ఊళ్ళో చూశాను. నీళ్ళలో దిగితే కాళ్ళకి తగిలేవి." ఆవిడ పుస్తకం తీసి రాసుకుంది, నా పేరు వేసి మరీ. బడిలో నా పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా ఎవరూ రాయలేదు.

మధ్యాహ్నాలు తుమ్మచెట్టు నీడన కూర్చునేవాళ్ళం. ఎండకి రాళ్ళు చిటపటమనేవి. కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. అట్లాంటి ఒక వేళ ఆవిడ నల్ల పొర మీద అరచెయ్యి ఆనించి, "ఇన్నమ్మా, కళ్ళు మూసుకో," అంది. మూసుకున్నాను. "నువ్విప్పుడు మోకాటి లోతు నీళ్ళలో ఉన్నావు." "ఎక్కడి నీళ్ళక్కా? ఊళ్ళో బిందెడు నీళ్ళకి కొట్టుకుచస్తుంటే?" "ఉండవే, మాట్లాడకు. చుట్టూ జమ్ము, నీ భుజాలదాకా ఉంది. గాలి వస్తే ఒక పక్కకి ఒరుగుతోంది. నీళ్ళు కదలట్లేదు. అవతల గట్టున ఏవో మూగజీవాలు నీళ్ళకి దిగుతున్నాయి. ఏవో నాకింకా తెలియదు. మనుషులు ఉన్నారో లేదో కూడా తెలియదు." ఆవిడ గొంతు మెల్లమెల్లగా దూరమైపోయింది. నా కాళ్ళకి చల్లగా తగిలింది, నిజంగానే తగిలింది. కళ్ళు తెరిస్తే తెల్లటి ఎండ. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఊరంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు అనిపించింది. చర్చి గంట నీళ్ళలోంచి మోగినట్టు, మేకలు ఈదుకుంటూ ఇళ్ళకి పోతున్నట్టు. మనుషులు ఎదురొస్తున్నా చీర కుచ్చెళ్ళు పైకి ఎత్తి పట్టుకున్నాను, తడుస్తాయని. "ఏమే ఇన్నమ్మా, ఎండ దెబ్బా?" అంది మా పక్కింటి పిన్ని.

ఇక నా పాపం సంగతి. నెల దగ్గర పడేసరికి తవ్వకం అయిపోయింది. అక్క పాత కాలవల మ్యాపులు చూడాలని రెండు రోజులు విజయపురి సౌత్ వెళ్ళింది. పోతూ సంచులున్న గంప నాకప్పగించి, "ఇవి మా ఊళ్ళో పెద్దవాళ్ళకి చూపించాలి, జాగ్రత్త," అంది. పెద్దవాళ్ళకి అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటి నుంచి పొరుగింటికి పోయే కూర గిన్నె కూడా తళతళలాడుతూ పోవాలి, లేకపోతే మా అత్తగారు ఊరుకునేది కాదు. అట్లాంటిది మురికి పట్టిన గుల్లలు పోతాయా? మర్నాడు నల్ల పొర సంచి విప్పాను. వాటిలోనే మురికి ఎక్కువ. ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పులుసులో నానేసి, కొబ్బరి పీచుతో రుద్ది, లోపలి మట్టంతా పుల్లతో గీకి తీసి, మూడు నీళ్ళలో జాడించాను. మధ్యాహ్నమంతా పట్టింది. ఎండలో ఆరబెడితే మల్లెమొగ్గల్లా ఉన్నాయి. చీటీ కూడా జాగ్రత్తగా మళ్ళీ అందులోనే పెట్టాను. అక్క చూసి ఎంత మురిసిపోతుందోనని పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అక్క వచ్చి అన్నం తింటూ తనే ఎత్తుకుంది ఆ మాట. "ఇన్నమ్మా, అన్నిట్లోకీ ఆ నల్ల సంచి ప్రాణం నాకు. గుల్ల లోపల ఇరుక్కున్న మట్టి ఉంది చూశావూ, ఆ నత్త చచ్చిన నాటి నుంచి దాన్ని ఎవరూ తాకలేదు. ఆనాటి పూల పుప్పొడి అందులో ఉంటుంది. భూతద్దం కింద పెడితే ఏ చెట్లు ఉన్నాయో, ఏ గడ్డి ఉందో చెబుతుంది. నా పదేళ్ళ వెతుకులాటకి జవాబు అందులోనే ఉంది." నా చేతిలో గరిటె ఉంది. మజ్జిగ వడ్డించాలి. వడ్డించానో లేదో గుర్తులేదు. ఇన్ని గుర్తున్నాయి, అది మాత్రం లేదు.

తర్వాత చేసింది ఇంకా అన్యాయం. ఆవిడ స్నానానికి పోయినప్పుడు పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో నల్లగా ఉన్న మట్టి తీసి, తడిపి, గుల్లల్లో కూరి, పైన పూసి, సంచి మూతి కట్టేశాను. చూస్తే ఎవరికీ తేడా తెలియదు. నాకే తెలియదు. అదే నన్ను భయపెట్టింది.

ఈస్టరుకు ముందొచ్చే తపస్కాలం రోజులవి. ఆ శుక్రవారం సిలువ మార్గం ప్రార్థనకి పోయి, అయ్యాక ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసుకుందామని వరుసలో నిలబడ్డాను. ముందు ఇద్దరున్నారు. నిలబడి ఆలోచించాను. ఫాదర్ గారికి చెప్పుకుంటే నా పాపం పోవచ్చు. గుల్లల్లోకి ఆ మట్టి తిరిగి రాదు. అక్క ఆ కరివేపాకు మట్టిని భూతద్దం కింద పెట్టుకుని, ఇదే పాతకాలమని రాసుకుంటుంది. చదివినవాళ్ళు నమ్ముతారు. వాళ్ళు ఇంకొకళ్ళకి చెబుతారు. వరుసలోంచి బయటికొచ్చేశాను. కానీ ఇంటికొచ్చాక అక్కతో చెప్పలేకపోయాను. శనివారం పొద్దున గంప నెత్తిన పెట్టుకుని అక్కను బస్సెక్కించడానికి సెంటర్‌కి పోయాను.

మాచర్ల బస్సు వచ్చింది. కండక్టర్ "ఎక్కాలమ్మా, ఎక్కాలి" అంటున్నాడు. అక్క ఒక కాలు మెట్టు మీద పెట్టి గంప కోసం చేతులు చాపింది. నేను ఇవ్వలేదు. "అక్కా, నల్ల సంచి కడిగేశాను," అన్నాను. "ఏంది?" అంది. ఆవిడ నోటి నుంచి మా ఊరి మాట వినడం అదే మొదలు. "చింతపండుతో తోమాను. మీరు ప్రాణమన్నాక భయమేసి పెరట్లో మట్టి పూశాను." కండక్టర్ విసుక్కున్నాడు, "మీ ముచ్చట్లు అయితే చెప్పండి, రేపొస్తాం," అని. అక్క కాలు దించింది. బస్సు పోయింది.

బల్ల మీద కూర్చుంది. తిడితే బాగుండు, కొట్టినా బాగుండు అనిపించింది. చివరికి పుస్తకం తీసింది. "బోరు నీళ్ళా, కుళాయి నీళ్ళా?" "బోరు." "చింతపండు ఎంత?" "నిమ్మకాయంత." "ఎంతసేపు నానింది?" "అన్నం ఉడికిందాకా." "పెరట్లో మట్టి ఎక్కడిది?" "కరివేపాకు చెట్టు మొదట్లోది. రోజూ మజ్జిగ గిన్నె కడిగి అక్కడే పోస్తాను." ఆవిడ రాయడం ఆపింది. "అయితే వేల ఏళ్ళ కిందట రెంటచింతల్లో కరివేపాకు వేసిన మజ్జిగ తాగేవాళ్ళని రాసేదాన్ని," అంది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను కాళ్ళ మీద పడబోతే రెక్క పట్టుకుని ఆపి, "పద, మళ్ళీ తీద్దాం. గట్టు ఎక్కడికి పోతుంది?" అంది.

గట్టు పోయింది. మేము పోని ఆ నాలుగు రోజుల్లో రోడ్డు ఎత్తు చేయడానికి మిషను పెట్టి ఆ పక్కంతా తోడుకుపోయారు. మేము చెక్కిన గోడ చోట పెద్ద గుంట, దాంట్లో మిషను పళ్ళు దింపిన గీతలు. అడుగున కూడా తిరగబడిన మట్టే, ఏది ఏ పొరదో దేవుడికే తెలియాలి. అక్క గుంటలోకి దిగి ఒక గడ్డ తీసుకుంది, వాసన చూసింది, మళ్ళీ అక్కడే పెట్టింది. నా వైపు మాత్రం చూడలేదు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని పుస్తకంలో ఏడు గళ్ళు గీసింది. ఆరు గళ్ళలో ఏదో రాసింది. ఒకటి వదిలేసింది. నేను ఆ ఖాళీ చూడలేకపోయాను. "మోకాటి లోతు నీళ్ళు, జమ్ము, జంతువులు నీళ్ళకి దిగడం, అదంతా మీరే చెప్పారుగా అక్కా, రాయండి," అన్నాను. "అది నేను అనుకున్నది, ఇన్నమ్మా. మట్టి చెప్పలేదు." "అయితే ఏం రాస్తారు?" "ఏమీ రాయను. కడిగిన సంగతి కింద రాస్తాను. గడి ఖాళీగానే ఉంటుంది. రేపు ఎవరో వచ్చి ఇక్కడే ఎక్కడో తవ్వుతారు. వాళ్ళు రాసుకోవడానికి చోటుండాలిగా." పదేళ్ళ జవాబు పోయిన మనిషి ఆ మాట అన్నది.

ఆవిడ తర్వాత మరో రెండేళ్ళు వచ్చింది, వాగు పైకి పోయి తవ్వింది. నల్ల పొర మళ్ళీ దొరకలేదు. అయినా వచ్చిన ప్రతిసారీ గంప తెచ్చి నా చేతికే ఇచ్చేది, జాగ్రత్త అన్న ఒక్క మాట కూడా చెప్పకుండా.

మా నాయన నాకు ఆరేళ్ళప్పుడు పోయాడు. పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, "నా ఇన్నమ్మ దొరసాని కావాలి," అన్నాడని నేను ఎన్ని ఏళ్ళో అందరికీ చెప్పుకున్నాను. నా పిల్లలకి జోకొడుతూ చెప్పాను. ఆయన నన్ను పిలవలేదు. పిలిచాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు నేను ఎక్కడ ఆడుకుంటున్నానో కూడా గుర్తులేదు. ఆ మాట నేను పెరట్లో మట్టి తెచ్చి పూసినట్టు పూసుకున్నది. అక్క గడి ఖాళీగా వదిలిన తర్వాత దాన్ని నోట పలకలేకపోయాను. ఇప్పుడు మనవరాలు నా పక్కన పడుకుని, "మీ నాయన చచ్చిపోయేటప్పుడు నీతో ఏమన్నాడు నాయనమ్మా?" అని అడుగుతుంది. "తెలియదమ్మా," అంటాను. చెప్పడానికి నాలుక మీదకు వస్తుంది, చానా తీపిగా వస్తుంది. చెప్పను. పిల్ల, "ఏమనుంటాడో," అంటుంది. ఇద్దరం పైకప్పు చూస్తూ ఆయన కోసం చెవి ఒగ్గి పడుకుంటాం.