గురి మావయ్య వలకి పెట్టిన కంత

ఆయన్ని అందరూ గురి మావయ్య అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఉండేలుతో నీటికాకుల్ని కొడుతున్నా ఒక్కదాని రెక్కకైనా రాయి తగల్లేదు. పక్క పడవవాడి అన్నం క్యారేజీకి మాత్రం రెండుసార్లు తగిలింది.

ఉప్పు సరస్సులో గుంజలకి కట్టిన సంచి వలే ఆయన బతుకుతెరువు. అందులోకి చేప పోగలదు, తిరిగి రాలేదు. ఆ సంగతి నీటికాకులూ కనిపెట్టాయి. మునిగి సంచిలో దూరి, దొరికింది మింగి, వల చించుకుని పోయేవి. ఒక కాకి మేసి మేసి ఎగరలేక నడుచుకుంటూ గూటికి పోయిందని మావయ్య ఒట్టేసి చెప్పేవాడు. చేప తగ్గిపోయిందన్నది మాత్రం ఒట్టు అక్కర్లేని నిజం.

వలలు అల్లేది భార్య. సంచి పైకొసన చిన్న కంత ఉంచుదామని, కాకి ఊపిరికి పైకే పోతుంది, చేప అడుగుకే పోతుంది, వల దక్కుతుందని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. దొంగకి తలుపు తీసిపెట్టే ఇల్లాలిని ఇక్కడే చూస్తున్నానని ఆయన వెక్కిరించేవాడు. ఆ ఇంట్లో ఇంకో పట్టింపు, తాతల నాటిది: అల్లిన వలకి కత్తి తగలకూడదు. అందుకే వల దగ్గరికి పోయేటప్పుడు ఆయన కత్తి ఇంట్లోనే వదిలేసేవాడు.

ఆ పొద్దున సముద్రం పోటెక్కి సరస్సులో నీళ్ళు పెరగడం మొదలయ్యే వేళకి సంచిలో ఒక కాకి చిక్కుకుని ఉంది. కొసమూల ఒక్కటే నీటిపైన ఉంటే, అక్కడ ముక్కు పెట్టి ఊపిరి తీసుకుంటోంది. మావయ్యకి పండగైంది. నడుంలోతు నీళ్ళలోకి దిగి, సంచి మూతిలోంచి చెయ్యి దూర్చి దాని మెడ అందుకున్నాడు. అది గిర్రున తిరిగింది, దాంతోపాటు వలా తిరిగింది. మూతి తాడు ఆయన మణికట్టుకి ఉరిలా బిగిసింది.

లాగినకొద్దీ బిగిసింది. మెడ వదిలేసినా కాకి కొట్టుకోవడం మానలేదు. గుంజ ఊపాడు. తన చేతుల్తో పాతిన గుంజ, ఎందుకు కదులుతుంది? అరిచాడు. ఎదురుగాలి అరుపుని వెనక్కి నెట్టింది. నీళ్ళు ఛాతీ దాటాయి, భుజాలు దాటాయి. కాకి మూల కూడా మునిగిపోతోంది. అప్పుడు రెండో చేత్తో ఆ మూలని పైకెత్తి పట్టుకున్నాడు. దానికి ఊపిరాడితే కదలదు, అది కదలకపోతే తాడు బిగియదు.

చుట్టూ గుంజల మీద మిగతా కాకులు పరామర్శకి వచ్చిన చుట్టాల్లా కూర్చున్నాయి.

ఒడ్డున గిన్నెలు తోముతున్న భార్య తలెత్తింది. కాకులు తీరిగ్గా రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మొగుడు అక్కడుండగా ముప్ఫై ఏళ్ళలో ఏ కాకీ అంత నిమ్మళంగా కూర్చోలేదు. చేతిలో గిన్నె వదిలేసి పక్కింటి పడవ తీసింది.

ఆవిడ చేరేసరికి నీళ్ళు గడ్డం తాకాయి.

"కత్తి తెచ్చావా?" అన్నాడు గడ్డం పైకెత్తి.

"మనింట్లో కత్తి వల దాకా వస్తుందా ఏంటి? కదలకు."

ఆవిడ నీళ్ళలో మునిగింది. తను వేసిన ముడి విప్పడానికి ఆవిడకి కళ్ళతో పనిలేదు. వేళ్ళతో తడిమి తాడు కొస దొరకబుచ్చుకుని లాగింది. మూతి వదులైంది. చెయ్యి బయటికొచ్చింది, వెనకే కాకీ వచ్చింది. పోతూ ఒక చేపని కరుచుకుపోయిందని మావయ్య అంటాడు. అబద్ధం, రెండు అంటుంది భార్య.

మరుసటి వారం కొత్త వల కొసని గుంజ చివరంటా ఎత్తి కట్టాడు. దాని పైన కంత.

"కాకులకి తలుపు పెట్టావటగా మావయ్యా?" అన్నాడు పక్క పడవవాడు.

"కాకులకి కాదురా, నాకు" అంటూ ఆయన ఉండేలు తీశాడు. పక్క పడవవాడు క్యారేజీ ఒళ్ళో పెట్టుకున్నాడు.